ఎండాకాలంలో పబ్లిక్ గార్డెన్: మమ్మీ, ముంజలు, మా పట్నం సెలవులు

ఎండాకాలంలో హైదరాబాద్ నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్‌కు పిల్లలతో వెళ్ళొచ్చా, ఎవరికైనా అక్కడి పాత జ్ఞాపకాలున్నాయా అని అడిగారు. మొన్న మే రెండో వారంలో నా కూతురితో వెళ్ళొచ్చాను కాబట్టి చెబుతున్నాను. మధ్యలో సొంత గొడవ కొంచెం వస్తుంది, ఏమీ అనుకోకండి.

ముందు పనికొచ్చే మాట. పొద్దున ఎనిమిదిలోపు వెళ్ళండి, లేదా సాయంత్రం నాలుగున్నర దాటాక. మేం పదకొండింటికి వెళ్ళాం, బుద్ధి వచ్చింది. మెట్రోలో వచ్చేవాళ్ళు అసెంబ్లీ స్టేషన్‌లోగానీ నాంపల్లిలోగానీ దిగొచ్చు. పిల్లలకు మమ్మీని చూపిస్తానని మాటిచ్చి ఉంటే శుక్రవారం పెట్టుకోకండి, ఆ రోజు తోటలోని మ్యూజియంకు సెలవు.

అవును, మమ్మీ అంటే నిజం ఈజిప్టు మమ్మీనే. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొనుక్కొచ్చి ఏడో నిజాంకు ఇస్తే, ఆయన మ్యూజియంకు ఇచ్చేశారు. మ్యూజియం 1930 నుంచీ ఇక్కడే ఉంది. అసెంబ్లీ పాత తెల్ల భవనం 1913లో టౌన్ హాల్‌గా పూర్తయింది, జూబ్లీ హాల్‌కు ఆ పేరు ఏడో నిజాం రజతోత్సవాల వల్ల వచ్చింది. ఏటా నాంపల్లిలో జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్, మొట్టమొదట 1938లో జరిగింది కూడా ఈ తోటలోనే. తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి ఇవేవీ అక్కర్లేదు. మమ్మీ, ఆ తర్వాత ఐస్ గోలా, అంతే దాని లెక్క.

నాకు మాత్రం ఆ తోట అంటే 1988 ఎండాకాలం. మాది నల్లగొండ దగ్గర పల్లె. నాకప్పుడు ఏడేళ్ళు, అక్కకు పదకొండు. "సెలవులకు పట్నం పోతున్నం" అని చెప్పి మమ్మల్ని బస్సెక్కించారు. గౌలిగూడ బస్టాండులో, ఆ పెద్ద రేకుల గుమ్మటం కింద దిగాం. అది 2018లో కూలిపోయింది, పేపర్లో ఫొటో చూసి ఆ రోజంతా ఏదోలా ఉన్నాను. మల్లేపల్లిలో మా చిన్నాయిన గదిలో ఉన్నాం. రోజూ పబ్లిక్ గార్డెన్‌కు పోయేవాళ్ళం. మా నాయిన తాటిముంజలు కొనిచ్చేవాడు. తనే బొటనవేలు గుచ్చి, నీళ్ళు కారిపోకుండా నా నోటికి అందించేవాడు. అయినా ఆ నీళ్ళు మోచేతిదాకా కారేవి, ఈగలు ముసిరేవి. ఇంతకంటే హాయిగా గడిచిన ఎండాకాలం నాకు లేదని మా ఆవిడకు వందసార్లు చెప్పి ఉంటాను.

మొన్న మ్యూజియంలోంచి బయటికొచ్చి, ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు కింద కూర్చున్నాం. గుల్మొహర్లు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. నాయిన కూర్చునే బెంచీ ఎక్కడో ఇక్కడే ఉండాలి అని వెతికాను. దొరకలేదు. సరే అక్కకు గుర్తుంటుందేమో అని అక్కడి నుంచే ఫోన్ చేశాను.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాయిన రోజూ యాడికెల్లి వస్తడురా? ఆయన దవాఖాన్ల పడి ఉండె గదా" అంది.

నాయినకు కడుపు ఆపరేషన్ అయిందని నాకు తెలుసు. స్నానం చేసేటప్పుడు ఆ కుట్ల గీత చూసేవాణ్ణి. అది ఏ యేడు జరిగిందో ఎప్పుడూ అడగలేదు. పట్నం సెలవులు వేరు, ఆపరేషన్ వేరు అన్నట్టే నా తలలో ఉండిపోయాయి. రెండూ ఒకటేనని నలభై నాలుగేళ్ళు వచ్చాక, చేతిలో కరిగిపోతున్న గోలా పట్టుకుని తెలుసుకున్నాను.

ఆసుపత్రి తోటకు నడిచిపోయేంత దూరమే. అమ్మ అక్కడ నాయిన దగ్గర ఉండేది. చిన్నాయినకు ప్రింటింగ్ ప్రెస్సులో రాత్రి డ్యూటీ. తెల్లారాక వచ్చి, నిద్రపోకుండా మమ్మల్ని తోటకు తెచ్చి, గడ్డిలో తువ్వాలు మొహమ్మీద కప్పుకుని పడుకునేవాడు. గదిలో పడుకోవచ్చు కదా అని అక్కను అడిగాను. ఇంటి ఓనరు పిల్లల అల్లరికి ఒప్పుకునేవాడు కాదట. మేం దూరం పోకుండా చిన్నాయిన ఒక ఉపాయం చేశాడు. ఒకప్పుడు ఇక్కడ జూ ఉండేదనీ, అందరినీ తీసుకుపోయినా ఒక పులి మాత్రం ఇంకా చెట్ల వెనక తిరుగుతుందనీ చెప్పాడు. జూ మాట నిజమే. 1963లో మీర్ ఆలం చెరువు దగ్గర నెహ్రూ జూ పార్కు తెరిచేదాకా జంతువులు ఈ తోటలోనే ఉండేవి. పులి మాత్రం చిన్నాయిన సొంత కల్పన. దానికి భయపడి మేం ఆయన చుట్టూ నాలుగు చెట్ల మధ్యే ఆడుకున్నాం. ఆయన నిద్రపోయాడు. ఇవాళ ఇలా పిల్లల్ని తోటలో వదిలేసి ఎవరైనా నిద్రపోతే నేనే వెళ్ళి కేకలేస్తాను.

మధ్యాహ్నం అమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చి, అన్నం తినిపించి, గంటలో వెళ్ళిపోయేది. "బజార్ల సామాన్లు కొనాలె" అనేది. నేను నమ్మాను. నెల రోజులు బజారుకు పోతున్న మనిషి ఒక్క సంచీ కూడా తేవట్లేదేమని అనుమానం కూడా రాలేదు. అక్కకు మొదటి వారంలోనే తెలిసిందట. తమ్ముడికి చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. పదకొండేళ్ళ పిల్ల ఆ ఒట్టు మోసుకుంటూ నాతో పులి ఆట ఆడింది.

"మరి ముంజలు?" అన్నాను.

అది నిజమేనంది. ఆసుపత్రి నుంచి పంపించిన రోజు సాయంత్రం, నాయినను నేరుగా గదికి తీసుకుపోకుండా తోటకు తెచ్చారట, పిల్లలు ఇక్కడ ఉన్నారని. రోడ్డు మీద ముంజలు కొన్నారు. ఆయన తినకూడదు. మాకు ఒలిచి పెడుతూ కూర్చున్నాడు. ఒక్క సాయంత్రం. దాన్ని నేను ఎండాకాలం మొత్తానికి పరుచుకున్నాను. నాయిన ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు, ఆ నెల గురించి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

బెంచీ సంగతి అడిగితే, బెంచీ లేదు గిచీ లేదు, ఆయన వంగలేకపోతే చిన్నాయిన తన వీపు ఆనించి గడ్డిలో కూర్చోబెట్టాడు అంది. చిన్నాయిన ఇప్పుడు మిర్యాలగూడలో ఉన్నాడు. సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలీక, పులి ఎలా ఉంది అని అడిగాను. ఆయనకు వెంటనే అర్థమైంది. చాలాసేపు నవ్వాడు.

మీ ప్రశ్నకు జవాబు: వెళ్ళండి, పిల్లలకు బాగుంటుంది. మ్యూజియంలో మరీ చిన్నపిల్లలు మమ్మీని చూసి జడుసుకోవచ్చు. అప్పట్లో మా అక్క అలాగే గుక్కపట్టి ఏడ్చిందని మా అమ్మాయికి దారి పొడుగునా చెప్పాను. అక్క ఫోన్ స్పీకర్లో ఉంది. "ఏడ్చింది నేను కాదు బిడ్డా, మీ డాడీ. లాగు కూడా తడుపుకున్నడు" అంది. ఇక ఇంటికొచ్చేదాకా మా అమ్మాయి ఆ ఒక్క మాటే పట్టుకుంది.