చిన్నితల్లికి, రంగు కాచే ముందు

చిన్నితల్లీ,

పాడైన ప్రింటర్‌లో మిగిలిన ఇంకుతో గంధం రంగు పట్టు చున్నీకి అద్దకం వేస్తానన్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సాంబారు మరక పడిందని బీరువా అడుక్కి తోసేసిన చున్నీని మళ్లీ వేసుకోవాలన్న నీ ఆలోచనకి ఎంత ముచ్చటేసిందో. ఫోను పెట్టేశాక మాత్రం గుబులు పట్టుకుంది, ఏ గిన్నెలో కాస్తావో, ఏ ఇంకు పోస్తావో అని. ఇది చదివాకే పొయ్యి వెలిగించు.

ముందు గిన్నె సంగతి. పాత స్టీలు డబరా ఒకటి ఈ పనికే వదిలెయ్. కడిగేశాను కదా అని మళ్లీ దాన్లో పాలు కాచావని తెలిస్తే ఊరుకోను. అల్యూమినియం వద్దు, వెనిగర్ దాన్ని తినేస్తుంది. చేతులకి రబ్బరు గ్లౌజులు. కిటికీ తీసి పెట్టు, బాబు నిద్రపోయాకే మొదలుపెట్టు.

మిగిలింది లేజర్ ప్రింటర్ టోనరైతే ఈ పని మానుకో. అది ప్లాస్టిక్ కలిసిన సన్నటి పొడి, నీళ్లలో కరగదు, ఊపిరితో పాటు లోపలికి పోతుంది. సీసా ఇంకుల్లోనూ రెండు రకాలు, నీళ్లలో కరిగే రంగు డై, కరగని సన్నటి రంగుపొడి పిగ్మెంట్. చాలా ఇంక్ ట్యాంక్ ప్రింటర్లకి రంగు సీసాలు డై, నలుపు మాత్రం పిగ్మెంట్. కాగితం మీద చుక్క వేసి, బాగా ఆరాక దానిమీద నీటిబొట్టు వెయ్యి. రంగు పాకితే డై, కదలకపోతే పిగ్మెంట్. పిగ్మెంట్ పట్టు లోపలికి దిగదు. పైన మసిలా కూర్చుని మెడకీ జాకెట్టుకీ అంటుతుంది.

డై ఇంకు వేడి, పులుపు తగిలితే పట్టుకీ ఉన్నికీ పడుతుంది. నూలుకి పట్టదు, నాలుగు జాడింపుల్లో దిగిపోతుంది, కాబట్టి నీ కాటన్ కుర్తా ఇందులో ముంచకు. చున్నీ అంచు పాలిస్టర్ దారంతో కుట్టి ఉంటే ఆ కుట్లు రంగు తాగవు, ముదురు బట్ట మీద నువ్వుగింజలు పేర్చినట్టు పాత రంగులోనే కనబడతాయి. జరీ ఉంటే అసలు వద్దు, నల్లబడుతుంది.

మరక ఉన్నచోట నూనె మిగిలితే అక్కడ రంగు దిగదు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేలికొసతో నెమ్మదిగా రుద్ది జాడించు. సబ్బుకి పసుపు ఎర్రబడుతుంది, కంగారుపడకు. తడిమీదే పొద్దుటెండలో గంటసేపు ఉంచితే చాలావరకు పోతుంది. బ్లీచింగ్ ద్రవం మాత్రం పట్టు దగ్గరికి రానీయకు, పోగు చివికిపోతుంది. ఇంకా మిగిలిన పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ మచ్చ తేలుతుంది. ఎరుపులో పసుపు కలిపి ముదురు కుంకుమరంగు వేస్తే మరక అందులో కలిసిపోతుంది.

ఇక నా భయమంతా దీని గురించే. నేనూ చేశాను ఈ తప్పు. మరిగే నీళ్లలో ఇంకు, వెనిగర్ ముందే పోసేసి, పొడి బట్టని ఒక్కసారిగా ముంచడం. పులుపు, వేడి రెండూ ఉన్న నీళ్లలో పట్టు రంగుని గబుక్కున లాగేస్తుంది. ముందు తగిలిన మడత గుటుక్కున తాగేస్తే, లోపలి మడతకి వెలిసిన నీళ్లే మిగులుతాయి. పొడి పట్టులో గాలి బుడగలు నిలిచి అక్కడ తెల్లటి కళ్లు పడతాయి. ఆ మచ్చల్ని సరిచేయబోతే బట్టంతా ముదురైపోతుంది తప్ప సమంగా రాదు. అందుకని చున్నీని అరగంట గోరువెచ్చని నీళ్లలో నాననివ్వు. 150 గ్రాముల చున్నీకి 5 లీటర్ల నీళ్లు తీసుకో, ఇంకు 30 నుంచి 40 మిల్లీలీటర్లు, సిరంజితో కొలిచి పోసి కలుపు. నానిన బట్టని విప్పారేలా వేసి సన్న మంట మీద అరగంటలో నెమ్మదిగా వేడెక్కించు. కర్రతో తిప్పుతూనే ఉండు, ఫోను తీయకు. నీళ్లు బాగా వేడెక్కాక బట్టని కర్రతో పైకెత్తి పట్టుకుని, 80 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్‌ని సమానంగా నీళ్లు కలిపి సగం పోసి కలుపు, ఆ తర్వాత బట్ట దించు. పది నిమిషాలాగి మిగతా సగం. మరగనివ్వకు, 85 డిగ్రీలు దాటితే పట్టు నిగారింపు పోతుంది. గిన్నె అంచున చిన్న బుడగలు కనిపిస్తుంటే చాలు. అలా ముప్పావు గంట. గరిటెడు నీళ్లు తెల్ల పింగాణీ కప్పులో పోసి చూస్తూ ఉంటే, రంగు పలచబడుతూ వస్తుంది. అదంతా బట్టలోకి దిగుతున్నదే. అది చూస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, నువ్వూ చూడాలి తల్లీ.

నీలం మాత్రం వెనకబడుతుంది, దాని అణువు పెద్దది. ఆకుపచ్చో ఊదానో కలిపితే నువ్వు గిన్నెలో చూసిన రంగు బట్ట మీద రాదు. అందుకే ముందు అదే రకం పట్టు పేలిక మీద వేసి చూసుకో.

మంట ఆపాక బట్టని ఆ నీళ్లలోనే చల్లారనివ్వు. తర్వాత నీళ్లు తేటబడేదాకా జాడించి, పిండకుండా తువాలులో చుట్టి తడి లాగి, నీడన ఆరెయ్. చెమట పట్టే రోజుల్లో వేసుకోకు, మొదటి రెండుసార్లు దేనితోనూ కలిపి ఉతకకు.

ఆ పేలిక ఆరాక సగం కత్తిరించి కవర్లో పెట్టి నాకు పంపు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి చెప్తాను, అప్పుడు చున్నీ ముంచుదువు గాని.

మీ పెద్దమ్మ