వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ

అమ్మడూ,

నువ్వు ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వుకున్నాను, కోపం తెచ్చుకోకు. "ఎత్తు ఎక్కుతుంటే సైకిల్ కూడా నన్ను దాటేసేలా ఉంది మావయ్యా, వెనకంతా హారన్లే" అన్నావు చూడు, నేను మొదటి బండి కొన్న వారానికి సరిగ్గా ఇదే మాట అన్నాను, కాకపోతే అప్పుడు వినేవాళ్లు లేరు. నీ పాత కారు నీకంటే వయసులో పెద్దది, 800 సీసీ నిండని ఇంజను, కొత్తలో ఉన్న 35 గుర్రాల బలంలో (హార్స్‌పవర్ అంటారే, అదే) ఈపాటికి ఓ నాలుగు చచ్చే ఉంటాయి. దాన్ని పట్టుకుని మొన్నటిదాకా నడిపిన ఆఫీసు కారులాగే తోలబోయావు. ఇందులో తప్పు బండిదీ కాదు, నీదీ కాదు. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

బలమున్న కారులో వేగం కాలి కిందే ఉంటుంది, తొక్కితే వచ్చేస్తుంది, పోతే మళ్లీ తొక్కుతాం. నీ బండిలో అలా కాదు. అక్కడ వేగం కూడబెట్టుకోవాలి, కూడబెట్టింది ఊరికే పారేసుకోకూడదు. నేను దాన్ని ఊపు అంటాను. ఎదురుగా ఎత్తు కనబడిందనుకో, ఎత్తు మొదలయ్యాక తొక్కితే ఏం లాభం లేదు, అర కిలోమీటరు ముందే చూసుకుని నెమ్మదిగా ఊపు పెంచుకుంటూ రావాలి. ఎక్కడం మొదలవ్వగానే ఇంజను గొంతు మారుతుంది, ఆ గొంతు కాస్త బరువెక్కిన క్షణంలోనే గేరు దించాలి. ఇంకాస్త చూద్దాంలే అని టాప్ గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ అడుక్కి నొక్కావంటే బండి దడదడలాడుతుంది, వేగం రాదు, పైగా లోపల బేరింగుల మీద మోయలేని భారం పడుతుంది. ఆ తర్వాత గేరు దించినా అప్పటికే ఊపు పోయింది, మూడు సరిపోక రెండుకి రావాల్సొస్తుంది, సైకిల్ దాటేసేది అక్కడే.

చిన్న ఇంజను అరిస్తే భయపడకు. నువ్వు ఫోన్లో "పాపం అరుస్తోంది మావయ్యా, అందుకే గేరు పెంచేశా" అన్నావు. ఆ జాలే దానికి చేటు. అలాంటి ఇంజన్లకి ఉన్న బలమంతా పై చుట్లలోనే, అంటే ఇంజను వేగంగా తిరిగేటప్పుడే ఉంటుంది, నెమ్మదిగా తిరిగే కింద చుట్లలో ఏమీ ఉండదు. నూనె సరిగ్గా ఉండి, ఇంజను వేడెక్కి ఉంటే, మూడో గేరులో గట్టిగా అరిపించడం వల్ల దానికేం కాదు. పైగా బలమున్న కారుని పూర్తిగా తొక్కాలంటే ఎక్కడ తొక్కుతావు చెప్పు, పది సెకన్లలో వేగపరిమితి దాటిపోతుంది. నీ బండిలో నేలకి తొక్కిపెట్టి, గేర్లన్నీ వాడి, చెమటోడ్చి చూస్తే ముల్లు 55 దగ్గర ఉంటుంది. నాకు దీన్ని మించిన సరదా ఇంకోటి లేదు, ఇన్నేళ్ల తర్వాత కూడా.

ఇంతకీ నీ బండి మరీ అంత బలహీనమైనదేం కాదు. 1948లో పారిస్ మోటార్ షోలో సిట్రోయెన్ 2సీవీ అని ఒక కారు పెట్టారు, 375 సీసీ, 9 గుర్రాల బలం, ఎంత తొక్కినా 65 దాటదు. దాన్ని తయారు చేయమన్నప్పుడు ఆ కంపెనీ పెద్దాయన పెట్టిన షరతుల్లో ఒకటి, దున్నిన పొలంలో బుట్టెడు గుడ్లు పెట్టుకుని వెళ్లినా ఒక్కటీ పగలకూడదని. వేగం గురించి పెద్దగా పట్టించుకోలేదు. మొదట్లో దాని వైపర్‌ని స్పీడోమీటర్ కేబులే తిప్పేది, అంటే బండి నెమ్మదిస్తే వైపరూ నెమ్మదిస్తుంది, వానలో ఆగితే అదీ ఆగిపోతుంది! అయినా ఆ కారు 1990 దాకా తయారవుతూనే ఉంది. 1957లో వచ్చిన ఫియట్ 500కి 479 సీసీ, 13 గుర్రాలు. వాటి పక్కన నీ బండి పహిల్వానే.

ఇంకో లెక్క చెప్తాను, నాకు లెక్కలంటే ఇష్టమని నీకు తెలుసుగా. చదును రోడ్డు మీద చిన్న కారు నిలకడగా 60లో పోవడానికి చక్రాల దగ్గర అయిదారు గుర్రాలు చాలు. అదే 100లో పోవాలంటే పదిహేను పైనే కావాలి. వేగం ఒకటిన్నర రెట్లు దాటిందో లేదో, బలం ఇంచుమించు మూడింతలు అడుగుతుంది, కారణం గాలి. వేగం రెట్టింపయితే గాలి నాలుగు రెట్లు అడ్డుకుంటుంది, దాన్ని నెట్టడానికి ఎనిమిది రెట్ల బలం కావాలి. అందుకే నీ బండి 50, 60 మధ్య హాయిగా ఉంటుంది, 85 దగ్గర వణికిపోతుంది. దానికి ఇష్టమైన వేగం ఏదో నాలుగు రోజులు నడిపితే నీకే తెలుస్తుంది. గేరు కర్ర వణకడం ఆగుతుంది, డాష్‌బోర్డు గలగల తగ్గుతుంది, ఇంజను ఒకే శ్రుతిలో పడుతుంది. ఆ వేగం దగ్గర వదిలెయ్. ఆలస్యమైపోతుందని బెంగ పెట్టుకుంటావేమో, ముప్పై కిలోమీటర్ల దారి మొత్తం 80లోనే పోయినా 60లో పోయినదానికంటే ఏడున్నర నిమిషాలే ముందు చేరతావు. మధ్యలో రెండు సిగ్నళ్లు పడితే అదీ లేదు.

సిగ్నల్ అంటే గుర్తొచ్చింది. ఎర్రలైటు దూరాన కనబడగానే కాలు తీసెయ్, గేరులోనే ఉంచి బండిని దొర్లనీ. పక్కవాళ్లు నిన్ను దాటుకుని పరుగెత్తి వెళ్లి లైటు దగ్గర కీచుమని ఆగుతారు. నువ్వు మెల్లగా దొర్లుకుంటూ వెళ్లేసరికి పచ్చలైటు పడుతుంది, వాళ్లు సున్నా నుంచి మొదలెట్టాలి, నువ్వు రెండో గేరులో ఇరవైలో ఉన్నావు. మొదటిసారి ఇది కుదిరినప్పుడు ఎంత గర్వంగా ఉంటుందో నువ్వే చూస్తావు. రోజంతా బ్రేకు మీద కాలు ఎన్నిసార్లు వేశానో లెక్కపెట్టుకోవడం నాకు ఒకప్పుడు ఆటలా ఉండేది. మీ అత్తయ్యకి మాత్రం విసుగు.

సరే, ఇప్పుడు అసలు జాగ్రత్త. నెమ్మదిగా పోతున్నాం కదా ఏమవుతుందిలే అనుకుంటారు, అది నిజం కాదు. నీ బండిలో ఎయిర్‌బ్యాగ్ లేదు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, వెనకవి డ్రమ్ము బ్రేకులు. నా మొదటి బండికయితే నాలుగూ డ్రమ్ములే. కొండ దిగుతున్నాను, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి వదిలేశాను, నాకు ఎవరో గొప్ప తెలివిగా చెప్పారులే. మొదటి నాలుగు మలుపులు బ్రేకు బాగానే పట్టింది. అయిదో మలుపు దగ్గర కాలిన వాసన వచ్చింది, ఎక్కడో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను. ఆరో మలుపులో పెడల్ మామూలు కంటే రెండంగుళాలు కిందికి వెళ్లింది. ఏడో మలుపులో ఇంచుమించు నేలకి తగిలింది, బండి మాత్రం తన దారిన తను పోతోంది. చేతులు తడబడుతూ ఎలాగో మూడో గేరు వేశాను, తర్వాత బలవంతంగా రెండు, ఇంజను గావుకేక పెట్టింది, హ్యాండ్‌బ్రేకు లాగాను, చివరికి లోపలి పక్కనున్న మట్టి గట్టుకి ఒరుసుకుని ఆగాను. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర పొగ. అరగంట కూర్చున్నాను అక్కడే, కాళ్లు వణుకుతుంటే నిలబడలేక.

జరిగిందేమిటంటే, డ్రమ్ము, అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె, వేడెక్కితే వ్యాకోచించి, లోపలి నుంచి దాన్ని ఒత్తిపట్టే షూలకి దూరమవుతుంది, ఆ షూల మీది లైనింగు కూడా వేడికి పట్టు కోల్పోతుంది, దానికి తోడు బ్రేకు ఆయిల్ పాతదయితే అందులో చేరిన తేమ మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరిని నొక్కితే నలుగుతుంది తప్ప బ్రేకుని తోయదు. అందుకని ఏ గేరులో కొండ ఎక్కుతావో అదే గేరులో దిగు, వేగాన్ని ఇంజనే పట్టుకుంటుంది, బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా కొట్టి వదిలెయ్, కాలు ఆనించి ఉంచకు. న్యూట్రల్ మాట ఎత్తకు. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించు, బండి తిరిగినా తిరక్కపోయినా. ముందు బండికీ నీకూ మధ్య ఇప్పుడు వదిలే ఖాళీకి రెట్టింపు వదులు. ఎవరో ఒకరు ఆ ఖాళీలోకి దూరతారు, దూరనీ, మళ్లీ వెనక్కి తగ్గు.

టైర్లు గీతలు బాగున్నాయి కదా అని మురిసిపోకు. పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, 3512 అని ఉంటే 2012లో 35వ వారం తయారైందని అర్థం. పాత బండ్లు తక్కువ తిరుగుతాయి, గీతలు అరగకముందే రబ్బరు ఎండిపోయి పగుళ్లిస్తుంది. ఇంజన్ గదిలో పెట్రోలు పైపులు కూడా అంతే, వేలితో నొక్కి చూడు, గట్టిగా కర్రలా ఉంటే వెంటనే మార్పించు. ఇంకా నయం, ఈ పనులేవీ ఖరీదైనవి కావు.

ఇక హారన్ల సంగతి. వెనకవాడి తొందర వాడిది, దానికోసం నువ్వు నీ బండిని చంపుకోనక్కర్లేదు. అలాగని మొండికేసి రోడ్డు మధ్యలో 40లో పోతూ పది బండ్లని తోకలా వేలాడదీసుకోవడం నాకు నచ్చదు, నెమ్మది బండి నడిపేవాళ్లకి చెడ్డపేరు తెచ్చేది వీళ్లే. వెనక ముగ్గురు చేరారంటే కాస్త వెడల్పున్న చోట ఎడమకి తీసి, చెయ్యి ఊపి పొమ్మను. రోడ్డు మళ్లీ నీదే. అందరూ 110లో పోయే పెద్ద రోడ్డు ఎక్కకు, అక్కడ ప్రమాదం నీ వేగం కాదు, నీ వేగానికీ వాళ్ల వేగానికీ ఉన్న తేడా. దాని పక్కనే ఎక్కడో పాత రోడ్డు ఉంటుంది, కొంచెం చుట్టు, చెట్లుంటాయి, మలుపులుంటాయి, మీ ఇద్దరికీ అదే సరిపోతుంది. ఓవర్‌టేకులు మానెయ్. ట్రాక్టరయితే సరే. లారీని ఎత్తు మీద దాటబోయి దాని పక్కపక్కనే నిమిషం సేపు ప్రయాణం చేసి, ఎదురుగా బస్సు వస్తే మళ్లీ వెనక్కి తగ్గిన ఘనత నాకుంది. ఆ లారీ డ్రైవరు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

పొద్దున స్టార్ట్ అవ్వట్లేదన్నావుగా. చోక్ (చల్లటి ఇంజనుకి పెట్రోలు పాలు పెంచే మీట) పూర్తిగా లాగు, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకు, సెల్ఫ్ కొట్టు. అందుకోగానే చోక్ సగం లోపలికి తొయ్యి, ఇంజను చప్పుడు నిలకడైతే ఇంకాస్త, కిలోమీటరు పోయేసరికి పూర్తిగా తోసెయ్. నువ్వు భయపడి టపటపా తొక్కుతున్నట్టున్నావు, పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి. పెట్రోలు వాసన గుప్పుమంటే అదే జరిగిందని లెక్క. అప్పుడు చోక్ పూర్తిగా లోపలికి తోసేసి, కాలు పూర్తిగా తొక్కిపట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టు, లేకపోతే పది నిమిషాలు ఊరుకో. మండుటెండలో ఆపి మళ్లీ తీస్తే మొరాయించొచ్చు, పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతుంది, బానెట్ ఎత్తి నీడలో కాసేపు ఉంచితే దానంతటదే దారికొస్తుంది, సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించెయ్యకు.

ఆ మెకానిక్ లావు టైర్లు వెయ్యమంటున్నాడన్నావు, వద్దు. పవర్ స్టీరింగ్ లేని బండి, లావు టైరు వేస్తే పార్కింగ్‌లో నీ చేతులు పడిపోతాయి, ఉన్న కాస్త పికప్పూ పోతుంది. సన్న టైరుతో స్టీరింగ్ ఎంత తేలిగ్గా ఉంటుందంటే రోడ్డు మీద గులకరాయి ఎక్కినా అరచేతికి తెలుస్తుంది. ముందు కిటికీ మూలన తిరిగే ఆ చిన్న ముక్కోణం అద్దం ఉంది చూడు, దాన్ని సగం తిప్పి, గాలి మోచేతికి తగిలేలా పెట్టుకుని, 50లో ఒక సాయంత్రం పోయి చూడు. ఏసీ లేదని ఏడ్చావు కదా నిన్న.

వచ్చే ఆదివారం బండి తీసుకునే రా. మా ఇంటి ముందు ఎత్తు గుర్తుందిగా, మలుపు తిరగ్గానే మొదలవుతుంది, ఊపు పట్టడానికి చోటుండదు. మలుపుకి ముందే రెండో గేరులోకి వచ్చెయ్. నేను గేటు దగ్గరే నిలబడి వింటుంటాను, గేరు ఎప్పుడు మార్చావో చప్పుడుని బట్టి చెప్పేస్తా.

మీ మావయ్య