రాత్రిపూట కచేరీలు వినడానికి ముందు హెడ్‌ఫోన్సే కొనండి

పది బై పన్నెండు గది, పక్క గదిలో పడుకునే పాప, 15 వేల బడ్జెట్, వినేది రాత్రి పది తర్వాత కర్ణాటక సంగీతం అని చెప్పి, స్పీకర్లు కొనాలా హెడ్‌ఫోన్స్ కొనాలా అని అడిగారు కదండీ. మీ పరిస్థితికి ముందు హెడ్‌ఫోన్సే కొనమంటాను. ఆ డబ్బుకి స్పీకర్లు, వాటిని మోగించే ఆంప్లిఫయర్ రెండూ మంచివి రావడం కష్టం. పైగా చిన్న గదిలో గోడలు బేస్‌ని, అంటే లోతైన శబ్దాల్ని, పెంచేసి బొంయ్‌మనిపిస్తాయి.

వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్ రకం చూడండి. చెవులకు ఉక్క తక్కువ, పాట కాస్త విశాలంగా వినిపిస్తుంది. శబ్దం కొంచెం బయటికి వస్తుంది గానీ తలుపు వేస్తే పాప లేవదు. తంబురా ఝుంకారం, గాయని ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తాయి.

ఒక్క లోటు మాత్రం ఉంది. స్పీకర్లలో రెండింటి శబ్దమూ రెండు చెవులకీ చేరుతుంది కాబట్టి గాయని ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో పాట తల లోపలే మోగుతుంది. మృదంగం గుమ్కీ, అంటే ఎడమ వైపు నుంచి వచ్చే లోతైన నాదం, ఛాతీకి తగలదు. నాకైతే ఆ గుమ్కీ కోసమే ఆదివారం పొద్దున స్పీకర్లు కావాలి! మీరూ తర్వాత కొంటే గోడకి అడుగున్నర దూరంలో, చెవి ఎత్తులో పెట్టండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో, మీరూ వాటికి అంతే దూరంలో కూర్చోండి.

వాల్యూమ్ జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. కొనేముందు మీకు బాగా తెలిసిన కచేరీ ఒకటి ఫోన్‌లో పట్టుకెళ్లి, షాపులో అరగంట పెట్టుకుని చూడండి. చెవులు నొక్కుకుపోతుంటే ఎంత బాగా మోగినా వద్దు.