సంతకాలు పెట్టించుకున్నారు, పని మాత్రం కాలేదు!

ప్రశ్న: మా కౌన్సిలర్ నెల క్రితం వీధివాళ్లందరినీ కూర్చోబెట్టి సమస్యలు చెప్పమన్నారు. రెండు గంటలు చెప్పాం, సంతకాలు కూడా పెట్టాం. మురుగు కాలువా, వీధి దీపాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇలాంటి మీటింగులకు వెళ్లడం దండగేనా?

జవాబు: వెళ్లండి, కానీ ఈసారి చేతులూపుకుంటూ వెళ్లకండి. కౌన్సిలర్ చేతిలో పారా తట్టా ఉండవు. ఆయనకున్నదల్లా కౌన్సిల్లో ఒక ఓటు, అధికారుల్ని నిలదీసే హోదా. "లైట్లు వెలగట్లేదండీ" అంటే తలూపి ఊరుకుంటారు, అదే "మలుపు దగ్గర మూడో స్తంభం, నంబరు ఇదీ, ఇరవై రోజులుగా చీకటే" అని ఫోటోతో రాసిస్తే ఆ కాగితాన్నే ఇంజినీరుకు పంపొచ్చు. కాలువ సంగతి వేరు. అంచనా వేయాలి, బడ్జెట్‌లో డబ్బు చూపాలి, టెండరు పిలవాలి, కాబట్టి బడ్జెట్ తయారవుతున్నప్పుడే వెంటపడాలి, ఆమోదమయ్యాక అరిచి లాభం లేదు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రే నగరంలో 1989లో మొదలైన పద్ధతిలో, ఏ పనులు ముందు చేయాలో జనమే సమావేశాల్లో తేల్చేవారు. మిమ్మల్నేమో చెప్పమన్నారు, తేల్చమనలేదు.

అన్నట్టు, ఆ సంతకాల కాగితంలో ఏముందో చదివారా? (ఒకప్పుడు నేనూ చదవలేదు లెండి.) అది ఉత్త హాజరు పట్టీ అయితే మీ కాలువ అందులో లేనట్టే. ఈసారి ఏ పని ఎవరు ఎప్పటిలోగా చూస్తారో మినిట్స్‌లో, అంటే మీటింగులో అనుకున్నవి రాసే కాగితంలో, రాయించి, కాపీ చేతికొచ్చాకే కుర్చీలోంచి లేవండి.