అరకొర చదువుతోనే ముందు నిలబడు

చిరంజీవికి ఆశీస్సులు.

అక్షరాలు దిద్దుకునే పెద్దవాళ్ళ గుంపును నీకు అప్పగించారనీ, "నాకే అంతంతమాత్రం వచ్చు" అని నువ్వు వెనకాడుతున్నావనీ తెలిసింది. ఒత్తులు ఎక్కడ తికమకపెడతాయో పండితుడు ఏనాడో మరిచిపోయాడు. నీకు ఇంకా గుర్తుంది కదా, ఈ పనికి అదే పెట్టుబడి.

1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని కొందరిచేత బల్లమీద వేళ్ళతో పాటల దరువు వేయించి, అవి ఏ పాటలో వినేవాళ్ళను చెప్పమంది. సగమైనా చెప్పేస్తారని దరువు వేసినవాళ్ళ ధీమా. తీరా 120 పాటల్లో పోల్చుకున్నవి మూడే. తలలో పాట మోగుతున్నవాడికి ఎదుటివాడు వింటున్నది ఉత్త టకటకేనని తోచదు.

ఒకసారికి నలుగురైదుగురిని మించి కూర్చోబెట్టుకోకు. రోజుకు మూడు నాలుగు కొత్త అక్షరాలు చాలు, వాటితో వెంటనే ఒక మాట రాయించు. గుణింతాల్లో ప, ఫ, వల కొమ్ము దగ్గర ఆగు. మిగతా అక్షరాలకు పక్కన వచ్చే కొమ్ము వీటికి కిందినుంచి వస్తుంది, అది విడమరిచి చెప్పకపోతే 'వు'కూ 'మ'కూ తేడా తెలియక గింజుకుంటారు. ఒత్తుల్లో త, న, మ, య, ర, ల అసలు అక్షరాన్ని పోలి ఉండవు కాబట్టి ఈ ఆరింటినీ విడిగా, రెండు మూడు రోజులు నేర్పాలి. తక్కినవి చాలావరకు తలకట్టు తీసేసిన అక్షరాలే, వాటంతట అవే పట్టుబడతాయి.

అడిగిన ప్రశ్నకు జవాబు నువ్వే అందించకు. మనసులో ఐదు లెక్కపెట్టు. మౌనం ఇబ్బందిగా ఉంటుంది, నిజమే, కానీ ఆ ఇబ్బంది నీది. వాళ్ళు ఆలోచిస్తున్నారు. అలాగే వాళ్ళ చేతిలోంచి బలపం లాక్కోకు. నువ్వు రాసి చూపిస్తే పని తొందరగా అవుతుంది, మర్నాటికి వాళ్ళకు ఏమీ మిగలదు. కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివేవాళ్ళు కనిపిస్తే ముందు కళ్ళు పరీక్ష చేయించుకోమను. చూపు ఆనకపోవడాన్ని మొద్దుతనమనుకుని మానేసేవాళ్ళున్నారు.

తెలియనిది అడిగితే ఊహించి చెప్పకు. తప్పు నేర్పడం ఒక్క నిమిషం, దాన్ని మాన్పించడం నెల. "నాకు తెలియదు, రేపు కనుక్కొస్తా" అని వాళ్ళ ఎదుటే పుస్తకంలో రాసుకో, మర్నాడు మొట్టమొదట దానికే జవాబు చెప్పు. రెండుసార్లు మరిచావంటే మూడోసారి నిన్ను అడగరు. నీకంటే రెండు మెట్లు పైనున్నవాళ్ళ దగ్గరికి వారానికోసారి ఆ పుస్తకం పట్టుకెళ్ళు. అది మానేసిన నాయకుడు తనకు వచ్చిందే లోకమనుకుంటాడు, గుంపు అక్కడే ఆగిపోతుంది.

కొత్తవాళ్ళు చేరితే వాళ్ళను నువ్వు తీసుకోకు. నిన్నమొన్న గుణింతాలు దాటినవాళ్ళకు ఒక్కొక్కరిని అప్పగించి, పక్కన కూర్చుని విను. తప్పు చెప్పినా అక్కడికక్కడ అడ్డుపడకు. అందరూ వెళ్ళాక ఆ చెప్పినవాళ్ళకే విడిగా చెప్పు, మర్నాడు వాళ్ళే దిద్దుకుంటారు.

ఇట్లు,
నీ పెదనాన్న