డాక్టర్ సలహా: ఎవరేమంటారోనని రాత్రంతా నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. అత్తమామలతో కలిసి ఉంటున్నాం. ఎవరితోనూ మాట పడకూడదని ప్రతి పనీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. మొన్న ఆడపడుచు వస్తే చేపల పులుసు పెట్టాను. ‘ఈసారి పులుపు తగ్గింది వదినా’ అంది. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. పేరెంట్స్‌కి వాట్సాప్ మెసేజ్ పెట్టినా పదిసార్లు చదువుకుంటాను. ఈమధ్య తలనొప్పి, గుండెదడ కూడా. ఇది జబ్బా?
- ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మా, ఆవిడ చెప్పింది పులుసు సంగతి. మీరు దాన్ని మీ మీదికి తీసుకున్నారు. ఇంటెడు చాకిరీ చేసే మనిషికి ‘బాగుంది’ అని ఒక్క మాట చెప్పేవాళ్లు లేకపోతే ఇలాగే అవుతుంది. అది నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

ఎదుటివాళ్లు మనలో ఏ లోపమూ ఉండకూడదని ఆశిస్తున్నారనే భావనను హెవిట్, ఫ్లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1991లోనే ఒక ప్రత్యేక రకం పర్‌ఫెక్షనిజంగా (అంతా లోపం లేకుండా ఉండాలనే తపనగా) గుర్తించారు. ఇది విడిగా ఒక జబ్బు కాదు గానీ ఆందోళనకు, డిప్రెషన్‌కు దారితీయొచ్చు. ఎప్పుడూ టెన్షన్‌లో ఉంటే అడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల గుండెదడ వస్తుంది, మెడ కండరాలు బిగుసుకుని తలనొప్పి వస్తుంది. అయినా ముందు బీపీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈసీజీ చూపించుకోండి. అన్నీ మనసు మీదికి నెట్టేయకూడదు.

ఇక ఒక చిన్న పనితో మొదలుపెట్టండి. మెసేజ్ ఒక్కసారే చదివి పంపేయండి. పంపేముందు ‘ఏమవుతుందని నా భయం’ అనేది కాగితం మీద రాయండి. రెండు రోజుల తర్వాత నిజంగా ఏమైందో దాని పక్కనే రాయండి. మొదట్లో గుబులు పెరుగుతుంది. ఫోన్ తీసి మళ్లీ చూడకుండా ఉంటే అదే తగ్గుతుంది. అలా తగ్గడం మీరు స్వయంగా చూడాలి, చికిత్సంతా అక్కడే ఉంది. ఆడపడుచు మళ్లీ అంటే, ‘అవును, చింతపండు తక్కువ పడింది’ అని ఊరుకోండి. సంజాయిషీ వద్దు.

మీవారితో ‘సాయం చేయండి’ అంటే సరిపోదు. ‘చుట్టాలొచ్చిన రోజు పిల్లల పని మీదే’ అని పని పేరు పెట్టి చెప్పండి.

రెండు వారాలు దాటినా నిద్ర రాకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కొనుక్కోకండి.