అమ్మానాన్నలం లావుగా ఉంటే పిల్లలూ అంతేనా?

చెల్లీ, మీ నాలుగేళ్ల బాబు బరువెక్కువ ఉన్నాడని డాక్టర్ అన్నారు, మేమిద్దరం లావే కదా, వాడికీ వంశపారంపర్యమేనా అని అడిగావు. రెండేళ్ల కింద హన్మకొండలో నాదీ ఇదే టెన్షన్. మా వాడికప్పుడు నాలుగేళ్లు, 104 సెంటీమీటర్ల ఎత్తు, 21 కిలోలు. మాకు బొద్దుగా ముద్దొచ్చేవాడు, మా అత్తమ్మ రోజూ దిష్టి తీసేది. ఆ ఎత్తుకు ఆ బరువు ఎక్కువని అంగన్‌వాడీ టీచర్ చార్ట్ మీద వేలు పెట్టి చూపిస్తేగానీ నాకు తెలియలేదు.

వంశం కొంత ఉంటుంది, కాదనను. కానీ మా ఇంట్లో అసలు తప్పు తినిపించే తీరులో ఉంది. వాడు మొహం తిప్పుకునేవాడు, పెదాలు బిగబట్టేవాడు, నేనేమో ఫోన్‌లో రైమ్స్ పెట్టి, నోరు తెరవగానే "ఇది తాత ముద్ద, ఇది బాపు ముద్ద" అని ఇంకో నాలుగు పెట్టేదాన్ని. కడుపు నిండిందని పిల్లవాడు చెప్తూనే ఉన్నాడు, నేనే వినలేదు. రోజూ అట్లా చేస్తే నిండిన సంగతి వాళ్లకే తెలియకుండా పోతుంది.

ఫోన్ తీసేశాం. అందరం కలిసి కూర్చుని తింటున్నాం, చాలంటే చాలు, ప్లేట్ తీసేస్తాను. పాలల్లో చక్కెర మానేశాను. వాళ్ల నాన్న సాయంత్రం చిప్స్ ప్యాకెట్ తెచ్చేవాడు, అది మాన్పించడానికే నాకు నెల పట్టింది! ఇప్పుడు శనగ గుడాలు, జామకాయ, కాలాన్ని బట్టి మక్క కంకి. వాడికి వేరే వంట చేయలేదు, మేమూ అదే తింటాం, ఆదివారం బగారా అందరికీ ఉంటుంది.

నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని, స్క్రీన్ గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మేం పదకొండు దాకా టీవీ చూస్తుంటే వాడూ మాతోనే మేల్కొనేవాడు. ఇప్పుడు సాయంత్రం భద్రకాళి బండ్ మీద ఉరికి ఉరికి వస్తాడు, తొమ్మిదికల్లా పడుకుంటాడు.

బరువు తగ్గించాలని తిండి మాత్రం కోయకు. ఎత్తు పెరుగుతూ బరువు నిలకడగా ఉంటే చాలని మా డాక్టర్ అన్నారు, ఏడాదికి 111 సెంటీమీటర్లు, 22 కిలోలకు వచ్చాడు. వాడి ముందు "లావోడా" అని ఎవర్నీ అననివ్వకు, చుట్టాలనైనా సరే. నెలనెలా బరువుతో పాటు ఎత్తు కూడా రాసుకో. ఎత్తు పెరగకుండా బరువొక్కటే పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలేమో డాక్టర్‌ను అడుగు.